కత్తెర పడని పడుగు

తులసికోటకు నీళ్ళు పోస్తూ ఉంటే గోడ అవతలి నుంచి పిలుపు వచ్చింది.

"అక్కా, ఒక్కతూరి వచ్చిపో. బావ లేయలేదు."

ఆ గొంతు గట్టిగా లేదు. పక్కింటి ఐవారి తమ్ముడి భార్య ఆమె, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చెంబు అక్కడే పెట్టి పోయాను. మా ఐవారు అరుగు పక్క గదిలో, కిటికీ వైపుకు తిరిగి పడుకొని ఉన్నారు. నిద్రలోనే పోయారు. కళ్ళజోడు మాత్రం తీయలేదు. కిటికీలోంచి స్టేషన్ నుంచి వచ్చే దావ కనిపిస్తుంది. ఆఖరి గడియలో కూడా ఆయన ఆ దావనే చూస్తూ ఉన్నారని నాకు అనిపించింది.

మా వైపు బడిపంతులును ఐవారు అంటారు. ఆయన ధర్మవరంలో ఇంగ్లీషు ఐవారు. నేను ఆ ఊళ్ళోనే ఇంకో వీధిలో పుట్టి, హైస్కూలులో ఆయన దగ్గర చదువుకొని, పెండ్లయి ఈ వీధికి వచ్చి చూస్తే పక్కిల్లు ఆయనదే. "బడి ఇడిచినా నేను నిన్ను ఇడిచేది లేదు తల్లీ" అని నవ్వినారు ఆ రోజు. ఆ మాట నిలబెట్టుకున్నారు. అరుగుకూ అరుగుకూ మధ్య మోకాలెత్తు గోడే కదా. ఆయన మాటలు వింటూనే నేను రాట్నం తిప్పాను, వడ్లు దంచాను, నడివయసు దాటాను.

ఉద్యోగం అయిపోయినాక కూడా ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ అరుగు బండ మీద ఒక మాట రాసేవారు. పని అయినాక భుజం మీది తువ్వాలుతో తుడిచేవారు. కాలితో మాత్రం తుడిచేవారు కాదు. ఎవరి భాష అయినా అక్షరం సరస్వతే అనేవారు. ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఇంకొకటి ఉంది. "మాటకు కూడా పుట్టిల్లు ఉంటుంది, అత్తిల్లు ఉంటుంది. పుట్టింట్లో ఎట్లా పెరిగిందో తెలుసుకోకుండా కోడలి మీద చాడీలు చెప్పొద్దండి."

ఆయన గురించి రాయాలంటే ఆ ఇంటి వెనక గదిలోని మగ్గం గురించి రాయాలి. అది లేకుండా ఆయన లేరు.

ఆ మగ్గం ఆయన నాయనది. గుంట మగ్గం. నేసేవాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకొని కూర్చుంటాడు. అన్న చదువుకొని ఐవారు అయినాడు, తమ్ముడు నాయన గుంటలో కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. డెబ్బైల మొదట్లో, వానలు పూర్తిగా ముఖం చాటేసిన ఏడు, పట్టు దొరకడం కష్టమైంది. ఐవారు తన సంపాదనతో పట్టు తెచ్చి తమ్ముడికి ఇచ్చినారు. నేరేడుపండు రంగు ఒళ్ళు, మామిడిపండు రంగు అంచు. చీర సగం దాటింది. ఒకనాడు పొద్దున తమ్ముడు నేస్తూ నేస్తూ లేచి, పేక దారం అటూ ఇటూ మోసే నాడెను, మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాల మధ్యలోనే పెట్టి, సంచి తగిలించుకున్నాడు. హిందూపురం వైపు నుంచి పట్టు వస్తుందని ఎవరో చెప్పినారట. భార్యతో అన్నాడట, "కండెలు చుట్టి పెట్టు. మద్యాన్నానికి వస్తా."

ఆమె నాడెలో పెట్టే దారం కండెలు చుట్టి బుట్టలో పెట్టింది. మధ్యాహ్నం అయింది. ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదు.

వెదకని చోటు లేదు. ఐవారు సెలవు పెట్టి హిందూపురం పోయినారు, బెంగళూరు పోయినారు, కదిరి తిరునాళ్ళలో మూడు పూటలూ గుడి ముందర నిలబడినారు. స్టేషన్‌లో దిగిన ప్రతివాడినీ అడిగినారు. శవం దొరకలేదు, కబురు దొరకలేదు. తగాదా లేదు, జబ్బు లేదు. ఎండలో నడిచిపోయిన మనిషి ఎండలోనే కలిసిపోయినాడు.

మా వీధిలో ఒక నమ్మకం ఉంది. నేతపని తెలియని వాళ్ళకు చెప్పాలి. మేము మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీగా పెట్టం. ఒక చీర అయిపోతే పాత పడుగు కొసలు అట్లే ఉంచి, వాటికి కొత్త దారాలు ఒక్కొక్కటిగా అతుకుతాం. అది ఆడవాళ్ళ పని. వేళ్ళకు విభూతి అద్దుకొని రెండు కొసలూ కలిపి పురి పెడితే ముడి కూడా కనబడకుండా అతుక్కుంటాయి. మగ్గం మీద దారం ఉన్నంత కాలం నేసేవాడు ఉన్నట్టే. సగం నేసిన చీరను ఇంకొకరు కత్తిరించరాదు. కత్తిరిస్తే ఆ మనిషికి నూకలు చెల్లినాయని ఒప్పుకున్నట్టు. ఇంకొకరి పడుగుకు కత్తెర పెట్టినవాడి మగ్గం కూడా ముందుకు సాగదంటారు.

అందుకని వెనక గదిలో చీర అట్లే ఉండింది. ఆమె నొసట కుంకుమ అట్లే ఉండింది. చీర కోసిన రోజున కుంకుమా పోతుంది. ఈ రెండింటికీ ముడి వేసింది ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ వీధిలో అందరికీ తెలుసు.

కొన్నేళ్ళు పోయినాయి. వీధి మొదట్లో ఒక సంఘం వాళ్ళు రేకు బోర్డు తగిలించినారు. తెలుగులో మగ్గాల సంఘం అని, కింద ఇంగ్లీషులో హ్యాండ్‌లూమ్ అని. నీళ్ళ బిందెలు పెట్టుకొని కొళాయి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళం ఐవారిని అడిగినాం, ఆ లూమ్ అంటే మగ్గమేనా అని.

ఆయన అరుగు మీద ఆ మాట రాసినారు. నాలుగే అక్షరాలు. మధ్యలో రెండు సున్నలు.

"ఇప్పుడు మగ్గమే. పుట్టినప్పుడు కాదు. ఇంగ్లీషోళ్ళ తాతల కాలంలో చేతితో పట్టుకునే ప్రతి పనిముట్టూ లూమే. పార, పలుగు, గరిటె, బొక్కెన, అన్నీ. కాలం పోయేకొద్దీ ఒక్కొక్కటీ వేరే పేరు పెట్టుకొని ఇల్లు ఇడిచి పోయినాయి. మగ్గం ఒక్కటే ఆ పేరుతో ఆ ఇంట్లోనే ఉండిపోయె."

"అట్లయితే నా రోకలి గూడా లూమేనా ఐవారూ?" అంది వెనక వరసలోని అవ్వ.

"ఆ కాలంలో పుట్టుంటే లూమే అవ్వా."

"ఇంగేం, ఈ మాత్రం ఇంగ్లీషు నాకూ వస్తాది. ఒసే కోడలా, లూమ్ ఎత్తుకోని రా, మిరపకాయలు దంచల్ల!"

వీధంతా నవ్వింది. చాలా రోజులు ఆ అవ్వను లూమవ్వ అనే పిలిచినాం. ఐవారి మరదలు కూడా తలుపు వెనక నిలబడి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే అనుకుంటా. ఇల్లు వదలకుండా ఉండిపోయిన మగ్గం మాట ఐవారు ఆమెకోసమే చెప్పినారని నాకు తరువాత అర్థమైంది.

వానలు మళ్ళీ తప్పినాయి. మా వైపు వాన తప్పడం కొత్త కాదు, కానీ వరసగా తప్పేసరికి జనం కారణాలు వెదకడం మొదలుపెడతారు. కంబదూరు వైపు నుంచి వచ్చిన చుట్టాలు చెట్లు ఎండిపోయిన కథలు చెప్పేవాళ్ళు. మబ్బు దక్షిణాన నల్లగా లేచేది. వీధంతా బయటికి వచ్చి చూసేది. ఊరి మీదికి వచ్చేసరికి అది దుమ్ముగా మారి, కళ్ళల్లో పడి, పోయేది. అప్పుడు మొదలైంది గుసగుస. కర్మ చేయని ఆత్మ ఒకటి ఈ వీధిలో ఆకలితో తిరుగుతా ఉందని. దానికి పిండం పెట్టేదాకా వాన దిగదని.

ఐవారికి చిన్నాయన వరస అయ్యే పెద్దాయన ఒకరు ఉన్నారు, వాళ్ళ వంశానికి పెద్ద. చెడ్డవాడు కాదు. తన మగ్గాలు కూడా మూలపడతా ఉన్నాయి పాపం. ఆయన నలుగురిని వెంటపెట్టుకొని వచ్చేవాడు.

"ఏమప్పా ఐవారూ, ఆ మగ్గం సంగతి ఏం చేస్తివి?"

"రా చిన్నాయనా, కూర్చో. మగ్గం అంటే గుర్తుకొచ్చె. లూమ్ అని ఇంగ్లీషులో ఒక మాట ఉండాది..."

"ఉండాదిలే. పోయినతూరి చెప్పినావు."

"పోయినతూరి చెప్పింది పనిముట్టు. ఇది వేరే. వారసుడికి పోయే దాన్ని హెయిర్‌లూమ్ అంటారు. ఇంట్లో పెద్దోళ్ళు పోతే వాళ్ళ పనిముట్టు బిడ్డకు పోవల్ల. పంచేదానికి లేదు, పగలగొట్టేదానికి లేదు. ఇంగ చూడు, పడవ తెడ్డు ఉంటాది గదా. దాంట్లో చేతితో పట్టుకునే కట్టె ఉండాదే, దాన్ని గూడా లూమ్ అంటారు."

"ఈడ తాగేదానికి నీళ్ళు లేవు. మనకు పడవ యాందుకప్పా?"

"పడవ వద్దు. తెడ్డు పట్టుకునే చెయ్యి గురించి చెప్తాండా."

అట్లా సాగేది. కాఫీ అయిపోయేది, తమలపాకులు అయిపోయేవి, దీపం పెట్టే వేళ అయ్యేది. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని లేచేవాళ్ళు. "ఈయప్పతో మాట్లాడేదానికంటే గోడతో మాట్లాడేది మేలు. గోడ ఇంగ్లీషు చెప్పదు" అని పెద్దాయన విసుక్కుంటూ పోయేవాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఐవారు నవ్వుతూనే ఉండేవారు. తిరిగినాక తువ్వాలుతో ముఖం తుడుచుకునేవారు. వెనక గదిలో ఉన్న ఆమెకు ఇంకొక నెల దొరికింది, అంతే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. కర్మలో నమ్మకం ఉన్నదాన్ని నేను. సోమవారం ఉపవాసం తప్పను. ఆకలితో తిరిగే ఆత్మ అంటే నాకూ భయమే. శివాలయంలో నిలబడి, స్వామీ, ఉంటే ఇంటికి తోలు, లేకుంటే దావ చూపించు అని చాలాసార్లు మొక్కుకున్నాను. ఏ పక్క నిలబడాలో నాకు తెలిసేది కాదు. చేతికి పని దొరికినాక ఆ ప్రశ్న పక్కకు పోయింది.

ఆ పని ఇది. మగ్గం పని ఆపి పెడితే పడుగును వదులు చేయాలి. లేకుంటే బిగువుకు దారం అలిసిపోతుంది. చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. కానీ ఆమె ఒప్పుకోలేదు. "ఆయప్ప ఎట్లా పెట్టిపోయినాడో అట్లే ఉండనీండి బావా. మద్యాన్నానికి వచ్చే మనిషికి వదులు చేసేది యాందుకు?" ఐవారు ఎదురు చెప్పలేదు. పడుగు బిగువుగానే ఉండిపోయింది. ఏండ్ల తరబడి.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా వైపు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. కాకి కూడా అరవదు. అట్లాంటప్పుడు గోడ అవతల 'టిక్' అని ఒక చప్పుడు వినబడేది. గాజు పగిలినట్టు, అంతకంటే చిన్నగా. ఒక దారం తెగింది. ఆ చప్పుడుకు ఆమె చేతిలోని పని ఆగిపోయేది. నా చేతిలోదీ ఆగేది. కాసేపటికి గోడ మీదుగా ఐవారి తల కనబడేది. "తల్లీ, విభూతి తెస్తావా?"

నేను పోయి గుంట పక్కన కూర్చునేదాన్ని. మిద్దె పైన గవాచిలోంచి ఒక్క మూరెడు వెలుగు పడేది. ఐవారు ముఖం చూసుకునే అద్దం తెచ్చి ఆ వెలుగును పట్టి, నా వేళ్ళ మీదికి తిప్పేవారు. నేరేడు రంగు పట్టు ఆ వెలుగులో ఎండిన నెత్తురులాగా కనబడేది. తెగిన కొసలు వెదికి, విభూతి అద్ది, పంచాక్షరి అనుకుంటూ పురి పెట్టేదాన్ని. ఎక్కడ పట్టుకుంటే అక్కడ పిట్లి తెగిపోయే దారం. కింద గుంటలోంచి చల్లటి గాలి కాళ్ళకు తగిలేది. దాంట్లోకి చూడడానికి నాకు ధైర్యం ఉండేది కాదు.

"నీకు నేను నేర్పిన ఇంగ్లీషు కంటే ఈ విభూతి గట్టిది తల్లీ" అనేవారు ఐవారు. నేను తల ఎత్తకుండా నవ్వేదాన్ని. ఒకసారి ఆమె కూడా పక్కన ఉండగా, ఆయన ఎవరికీ కాకుండా చెప్పినట్టు ఒక మాట చెప్పినారు. చలిదేశాల్లో లూమ్ అని ఒక పక్షి ఉందట. ఆ పేరుకూ మగ్గానికీ ఏ చుట్టరికమూ లేదట, వేరే దేశం నుంచి ఓడల మీద వచ్చిన మాట అట. "ఒకే పేరున్న వేరే ఇంటోళ్ళు అనుకో. ఆ పక్షి నీళ్ళల్లో మునుగుతాది. చూసేవాళ్ళు పోయిందిలే అనుకుంటారు. ఎంతసేపటికీ రాదు. ఆఖరికి యాడో, మనం చూడని పక్క తేలుతాది."

ఆమె బుట్టలోని కండెల మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ ఉండింది. ఆ రోజు చుట్టిన కండెలే.

మనిషి కనబడకుండా పన్నెండేండ్లు దాటితే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయాలని మావాళ్ళ ఆచారం. ఆ పన్నెండో ఏడు రానే వచ్చింది. పెద్దాయన ఈసారి కాఫీ ముట్టలేదు.

"ఇంగ మాటలు చెప్పొద్దు ఐవారూ. కర్మకు దినం పెట్టించినాను. నువ్వు చదువుకున్నోనివి, నువ్వే అడ్డం పడితే యట్లా? వాడు యాడో చచ్చి, అన్నం లేక అల్లాడతాంటే నీకు బాగుండాదా? వాన లేదు, పని లేదు. వీధి వీధంతా నీ తమ్ముని కోసం ఎండల్లనా?"

ఐవారు ఆ రోజు లూమ్ మాట ఎత్తలేదు. లోపలికి పోయి కత్తెర తెచ్చినారు. పెద్దాయన చేతిలో పెట్టినారు.

"సరే చిన్నాయనా. వాడు లేడని నీకు రూఢిగా తెలిస్తే నువ్వే పోయి కొయ్యి. నేను అడ్డం రాను."

పెద్దాయన ఆ కత్తెర పట్టుకొని వెనక గది గడప దాకా పోయినాడు. మేమంతా నడవలో నిలబడి ఉన్నాం. ఆమె గోడకు ఆనుకొని ఉంది, కళ్ళు మూసుకొని. ఆయన గడప మీద ఎంతసేపు నిలబడినాడో చెప్పలేను. లోపల పడుగు మీద నాడె ఉంది, అది పెట్టిపోయిన చెయ్యి ఇప్పుడే తీసినట్టు. అప్పుడే ఒక దారం తెగింది. టిక్.

పెద్దాయన వెనక్కి తిరిగి వచ్చినాడు. ముఖం నిండా చెమట. కత్తెర అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకోవడం మరిచి, చేతిలో పట్టుకొని పోయినాడు.

"గెలిచినారు ఐవారూ" అన్నాను నేను, ఊరుకోలేక.

"లేదు తల్లీ. నేనున్నన్నాళ్ళు చిన్నాయన మళ్ళా ఈ పని మీద రాడు, అంతే."

తరువాతి ఏండ్లలో ఆయన చూపు తగ్గింది. పొద్దు వాలే వేళకు అరుగు మీద కూర్చొని, చెయ్యి కనుబొమ్మల మీద అడ్డం పెట్టుకొని స్టేషన్ దావ చూసేవారు. ఆ వేళకు బండి వస్తుంది. దిగినవాళ్ళు ఒక్కొక్కరూ దుమ్ములో నడిచి వస్తారు. ఊరి చివర మరమగ్గాల షెడ్డు పడినాక ఆ వైపు నుంచి ఒకటే రొద. మా వీధి మగ్గాలు ఒకటొకటిగా గొంతు తగ్గించుకున్నాయి.

"దావలో ఎవరన్నా కనబడతాండారా తల్లీ?"

"ఒకరు వస్తాండారు ఐవారూ. చానా పొడుగ్గా ఉండారు."

"దుమ్ములో అందరూ పొడుగే. దగ్గరికి రానీ."

అప్పుడు చెప్పినారు ఆ మాటకు ఉన్న ఇంకొక అర్థం. ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పకుండా దాచినట్టుంది. సముద్రం మీద పోయేవాళ్ళకు మంచులో దూరాన ఏదో ఆకారం కనబడుతుందట. ఓడో, కొండో తెలియదు. ఉన్నదానికంటే పెద్దదిగా, మెల్లగా, మీదికి వస్తున్నట్టు ఉంటుందట. అట్లా కనబడడాన్ని కూడా లూమ్ అనే అంటారట. "ఈ మాట యాడ పుట్టిందో నిఘంటువులు రాసినోళ్ళకే సరిగ్గా తెలియదు. పుట్టిల్లు తెలియని మాట. నాకు దీన్ని చూస్తేనే భయం తల్లీ. మనకు మంచు లేదు గానీ దుమ్ము ఉండాది గదా."

"భయం యాందుకు ఐవారూ?"

"వచ్చేది వాడేమో అని ఆశ. వాడు గాదేమో అని భయం. రెండూ ఒకే ఎత్తు ఉంటాయి, దూరం నుంచి."

ఆ పొడుగు మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నగా అయిపోయి, బెల్లం మూట మోసుకొస్తున్న పొరుగూరి కోమటి అయ్యేవాడు. రోజూ ఎవరో ఒకరు అయ్యేవారు. ఐవారు తువ్వాలు దులుపుకొని లేచేవారు.

ఇప్పుడు ఆయన లేరు.

పదోనాడు ఇల్లంతా బంధువులు. ఆ రోజు ఐవారి భార్యకు, మా ఐవారమ్మకు, గాజులూ బొట్టూ తీసే రోజు. అరవై దాటిన ఆ తల్లి పీట మీద కూర్చుంది. పక్కనే, గోడ నీడలో, ఐవారి మరదలు. పెద్దాయన ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఐవారు ఉన్నన్నాళ్ళూ ఊరుకుంటిమి. వీళ్ళిద్దరికీ గాజులు తీసేది ఒక్కతూరే కానీండి. మళ్ళా ఇంకో దినం యాందుకు, మళ్ళా ఏడుపు యాందుకు? ఇంటికి పెద్ద ఇప్పుడు ఈ తల్లే. ఈమె చేత్తో పడుగు కోస్తే ఎవరికీ దోషం లేదు."

ఒక పళ్ళెంలో కత్తెర పెట్టి ఐవారమ్మ ముందుకు జరిపినారు. అదే కత్తెర. ఆమె దాన్ని చూసింది. గాజులు ఇంకా చేతులకే ఉన్నాయి. "మా ఆయన నాకేమీ చెప్పిపోలేదు" అంది, చిన్నపిల్లలాగా. చెయ్యి కదిలించలేదు, వద్దనీ అనలేదు.

గోడ నీడలోంచి మరదలు లేచింది.

"అక్కా, అది నాకియ్యి."

కత్తెర తీసుకొని వెనక గదిలోకి పోయింది. తలుపు దగ్గరికి వేసింది. ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను శివుడి పేరు కూడా తలచుకోలేకపోయాను. పట్టు మీద కత్తెర పడితే వచ్చే చప్పుడు నాకు తెలుసు. దానికోసం చెవులు రిక్కించి నిలబడినాం అందరమూ.

వచ్చింది వేరే చప్పుడు.

టక్. కొంతసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయిన చప్పుడు. తరువాత పోగును దగ్గరికి కొట్టే పలక దెబ్బ. పదహారేండ్లో, పదిహేడేండ్లో, అన్నేండ్ల తరువాత ఆ మగ్గం ఆడింది. నడవలో ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారి వీధి వాకిలి వైపు తిరిగినారు. ఆ పోయిన తమ్ముడు వచ్చేసినాడేమో అని. నేనూ తిరిగినాను.

వాకిట్లో ఎవరూ లేరు.

నేను తలుపు తోసి లోపలికి పోయాను. ఆమె గుంటలో కాళ్ళు దించుకొని కూర్చుంది. మా వీధిలో ఆడవాళ్ళు అప్పటిదాకా గుంటలో కూర్చున్నది లేదు. మొగుడు పెట్టిపోయిన నాడెలో, ఆ రోజు తాను చుట్టిన కండె. కత్తెర గుంటలో ఆమె అరికాలి కింద ఉంది. తల ఎత్తకుండా అంది.

"అక్కా, విభూతి తెచ్చినావా? రెండు తెగినాయి."

కొంగు ముడిలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఉంది. కూర్చొని అతికినాను. అద్దం పట్టేవాళ్ళు లేరు. వేళ్ళతోనే వెదుక్కున్నాను.

పెద్దాయన గడప మీదికి వచ్చినాడు. ఆ రోజు నిలబడిన చోటే. చాలాసేపు చూసినాడు. "ఆడతాండే మగ్గాన్ని ఆపమనేదానికి నాకు నోరు రాదు తల్లీ" అన్నాడు. పోబోయి, ఆగి, అన్నాడు, "ఆ పడుగు ఎంతుందో అంతే గదా. అయిపోయినాక ఏం చేస్తావు?"

ఆమె పాదం మార్చి నాడె విసిరింది.

ఇప్పుడు రోజూ పొద్దు వాలే వేళ ఆమె గుంటలో కూర్చుంటుంది. నాలుగు పోగులు నేస్తుంది, అంతే. ఎక్కువ నేయదు. బుట్టలో కండెలు తగ్గుతూ ఉన్నాయి. పాత దారానికి కొత్త దారం నిలవదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడం. ఐవారమ్మ కట్టె కుర్చీలో కూర్చొని వింటూ ఉంటుంది.

నాకు నేర్పినవన్నీ నేను గుర్తుపెట్టుకోలేదు ఐవారూ. ఆ ఒక్క చిన్న మాట మాత్రం దాని అన్ని ఇండ్ల పేర్లతోనూ గుర్తుంది. మీరు కూర్చునే చోట ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. బండ మీద మీ సుద్ద గీత ఒకటి ఇంకా పోలేదు. తుడవడానికి నాకు చేతులు రాలేదు.

నిన్న సాయంత్రం బండి వచ్చి పోయింది. దక్షిణాన మబ్బు లేచింది, ఎప్పటిలాగే నల్లగా. దావలో దుమ్ము. దాంట్లో ఒక ఆకారం, భుజానికి సంచి లాంటిదేదో, తాటిచెట్టంత పొడుగు, మెల్లగా ఈ వైపే వస్తూ ఉంది. నేను ఏమీ అనలేదు, పిలవలేదు. అయినా లోపల నాడె చప్పుడు ఆగిపోయింది. చెయ్యి కనుబొమ్మల మీద అడ్డం పెట్టుకొని చూస్తూ ఉన్నాను. అది ఇంకా దూరంలోనే ఉంది. ఇంకా పెద్దగానే ఉంది.